గీత బాగానే ఉంది, లెక్క ఎందుకు తప్పింది?

బోరు నీళ్లలో కాడ్మియం ఎంతుందో చూడమని ఒక సీసా ల్యాబుకు వచ్చిందనుకోండి. తాగునీటికి మన బీఐఎస్ పెట్టిన ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం కాడ్మియం లీటరుకు 0.003 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే 3 మైక్రోగ్రాములు. ల్యాబుల్లో 3 పీపీబీ అంటారు. రిపోర్టు మీద 2.8 అని పడితే ఆ నీళ్లు పాస్, 3.5 అని పడితే ఫెయిల్. ఒకే సీసా, ఒకే మెషిన్, ఒకే రీడింగు నుంచి ఈ రెండు అంకెలూ రావచ్చు. మధ్యలో మారేదల్లా రీడింగును పీపీబీలుగా మార్చే లెక్క. దాన్నే కాలిబ్రేషన్ మోడల్ అంటారు. నమూనా సేకరణ గురించీ యాసిడ్ స్వచ్ఛత గురించీ గంటలకొద్దీ మాట్లాడే ల్యాబుల్లో కూడా ఈ ఎంపికను సాఫ్ట్‌వేర్‌లో ముందే టిక్కు పెట్టి ఉన్న గడికి వదిలేయడం మామూలే.

మెషిన్ నేరుగా పీపీబీల్లో చెప్పదా?

చెప్పదు. ఐసీపీ-ఎంఎస్ అయితే సెకనుకు ఎన్ని అయాన్లు డిటెక్టరును తాకాయో లెక్కపెడుతుంది. ఏఏఎస్ అయితే దీపం వెలుగులో ఎంత భాగాన్ని మంటలోని పరమాణువులు పీల్చుకున్నాయో చూపిస్తుంది. ఎక్స్‌ఆర్‌ఎఫ్ అయితే నమూనా నుంచి వెలువడిన ఎక్స్-కిరణాలను లెక్కిస్తుంది. ఈ సిగ్నళ్లు రోజంతా ఒకేలా ఉండవు. నెబ్యులైజర్ కొంచెం మూసుకుపోయినా, కోన్ మీద ఉప్పు పేరుకున్నా, దీపం పాతబడినా మారిపోతాయి. అందుకే ఎంత గాఢతో ముందే తెలిసిన ద్రావణాలను, అంటే స్టాండర్డులను, అదే రోజు అదే మెషిన్‌లో చదివించి, ఎంత గాఢతకు ఎంత సిగ్నలో ఒక గ్రాఫు గీస్తారు. తెలియని నమూనా సిగ్నల్‌ను ఆ గ్రాఫు మీద పెట్టి గాఢతను వెనక్కి లాగుతారు.

గ్రాఫు మీద పడేవి ఐదారు చుక్కలే. వాటి మధ్య ఖాళీలో ఏముందో మనం ఊహించాలి. సరళరేఖ అని ఊహించవచ్చు, సున్నా గుండా పోయే రేఖ అనుకోవచ్చు, వంగిన రేఖ అనుకోవచ్చు. అన్ని చుక్కలకూ సమాన గౌరవం ఇవ్వవచ్చు, కొన్నిటికి ఎక్కువా ఇవ్వవచ్చు. ఆ ఊహ పేరే మోడల్.

ఆర్ స్క్వేర్ 0.9999 వస్తే చాలదా?

కొత్తగా ల్యాబులో చేరిన ఎమ్మెస్సీ పిల్లలకు మొదట నేర్పేది ఇదే: మూడు తొమ్మిదులు దాటితే గీత మంచిది, ముందుకు వెళ్లు. నన్నడిగితే ఆ అంకెను రిపోర్టులోంచి తీసేసినా పెద్ద నష్టం లేదు. ఎందుకో ఒక లెక్క చేసి చూద్దాం.

లెక్క తేలిక కోసం 1 పీపీబీ కాడ్మియంకు సరిగ్గా 1,000 కౌంట్లు వస్తాయనీ, ఖాళీ ద్రావణం, అంటే బ్లాంక్, 200 కౌంట్లు ఇస్తుందనీ అనుకుందాం. బ్లాంక్‌తో పాటు 1, 10, 100, 1000 పీపీబీ స్టాండర్డులు పెట్టాం. మొదటి నాలుగూ పొల్లుపోకుండా వచ్చాయి: 200, 1,200, 10,200, 1,00,200. చివరిది మాత్రం 3 శాతం తక్కువగా, 10,00,200 రావాల్సిన చోట 9,70,200 వచ్చింది. పిపెట్టులో చిన్న తేడా వల్ల కావచ్చు, అంత జోరుగా వచ్చి పడే అయాన్లను డిటెక్టరు లెక్కపెట్టలేక కొన్నిటిని వదిలేయడం వల్ల కావచ్చు. 3 శాతం తేడాకు ఏ ల్యాబులోనూ ఎవరూ కంగారు పడరు.

ఈ ఐదు చుక్కల గుండా మామూలు సరళరేఖ గీయమంటే సాఫ్ట్‌వేర్ ఇచ్చే జవాబు: స్లోప్ 969.4, ఇంటర్‌సెప్ట్ 993, ఆర్ స్క్వేర్ 0.99999. తొమ్మిదులు ఒకటి కాదు, ఐదు. స్క్రీన్ మీద చుక్కలన్నీ గీత మీదే కూర్చుని కనిపిస్తాయి.

ఇప్పుడు నిజంగా 1 పీపీబీ ఉన్న నీళ్లను ఈ గీత మీద పెట్టండి. 1,200 కౌంట్లలోంచి 993 తీసేసి 969.4తో భాగిస్తే 0.21 వస్తుంది. ఉన్నదాంట్లో అయిదో వంతు. నిజంగా 3.5 పీపీబీ ఉన్న నీళ్లు 3,700 కౌంట్లు ఇస్తాయి. గీత వాటిని 2.8 అంటుంది. పరిమితి దాటిన నీళ్లు పాసైపోయాయి. అదే చివరి స్టాండర్డు 3 శాతం ఎక్కువ వచ్చి ఉంటే కథ తిరగబడేది. ఇంటర్‌సెప్ట్ మైనస్ 593కి దిగి, కాడ్మియం చుక్క కూడా లేని బ్లాంక్‌కే 0.77 పీపీబీ అంటగట్టేది.

0.99999 అబద్ధం కాదు. అది జవాబిచ్చే ప్రశ్న వేరు. చుక్కల మొత్తం ఎగుడుదిగుడుల్లో ఎంత భాగాన్ని గీత వివరించిందన్నదే దాని ప్రశ్న. 0 నుంచి 1000 దాకా పరిచిన చుక్కల్లో ఎగుడుదిగుడు అంతా దాదాపుగా ఆ వెయ్యి దగ్గరి చుక్కదే. దానికి దగ్గరగా వెళ్లినందుకు గీతకు మార్కులు పడ్డాయి. 1 పీపీబీ దగ్గర ఏం జరిగిందో ఆ మార్కుల్లో కనపడనే కనపడదు. గణాంక శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ అన్‌స్కంబ్ 1973లోనే నాలుగు చిన్న డేటా పట్టికలు తయారుచేసి చూపించాడు. నాలుగింటికీ ఒకే గీత, ఒకే సహసంబంధ గుణకం 0.816. గ్రాఫు గీస్తే మాత్రం ఒకటి చెదురుమదురు చుక్కలు, ఒకటి నిఖార్సైన వంపు, మరో రెండింటిలో ఒంటరి చుక్క ఒకటి గీతను తనవైపు లాక్కుపోతుంది. మన కాడ్మియం గీత ఆ చివరి రకం.

గీత అలా ఎందుకు లొంగిపోయింది?

సాఫ్ట్‌వేర్ వాడేది కనిష్ఠ వర్గాల పద్ధతి. 1805లో ఫ్రెంచి గణితవేత్త లెజాండ్ర తోకచుక్కల కక్ష్యలు లెక్కగట్టడం మీద రాసిన పుస్తకంలో దీన్ని ప్రచురించాడు. చుక్కకూ గీతకూ మధ్య నిలువు దూరాలను వర్గం చేసి కూడితే ఆ మొత్తం అన్నిటికంటే తక్కువ రావాలి, అంతే సూత్రం. దాని వెనకాల చెప్పకుండా దాగిన షరతు ఒకటుంది: అన్ని చుక్కల్లోనూ పొరపాటు ఒకే పరిమాణంలో ఉండాలి.

మూలకాల కొలతలో ఆ షరతు నిలవదు. ఐసీపీలో పొరపాటు శాతంలో నడుస్తుంది. 2 శాతం అనుకుంటే 1000 పీపీబీ దగ్గర అది 20 పీపీబీ, 1 పీపీబీ దగ్గర 0.02 పీపీబీ. ధాన్యం బస్తాలు తూచే కాటా వంద గ్రాములు అటూ ఇటూ ఊగితే ఎవరికీ పట్టదు. అదే ఊగిసలాట బంగారం తూచే త్రాసుకు ఉంటే కొట్టు మూసుకోవాల్సిందే. కనిష్ఠ వర్గాల మామూలు పద్ధతికి ఆ తేడా తెలియదు. పైచుక్క దగ్గర 30,000 కౌంట్ల తేడా కనిపిస్తే దాన్ని సర్దడానికి కింద ఎనిమిది వందల కౌంట్లు త్యాగం చేయడం లాభసాటి బేరమనుకుంటుంది. ఆ ఎనిమిది వందల కౌంట్లే కింద మన సర్వస్వం.

మరి ఎలా సరిచేయాలి?

చుక్కలకు వెయిటేజీ ఇవ్వాలి. ఎక్కువ ఊగే చుక్క మాట తక్కువ, నిలకడగా ఉన్న చుక్క మాట ఎక్కువ వినాలి. పొరపాటు శాతంలో నడుస్తుంటే వెయిటేజీ గాఢత వర్గానికి విలోమంగా ఉండాలి. సాఫ్ట్‌వేర్ మెనూలో 1/ఎక్స్ స్క్వేర్ అని కనిపించేది ఇదే. పొరపాటు గాఢత కంటే నెమ్మదిగా, దాని వర్గమూలం లెక్కన పెరుగుతుంటే 1/ఎక్స్ చాలు. ఏది సరైనదో ఊహించనక్కర్లేదు. ఒక్కో స్టాండర్డును నాలుగైదు సార్లు చదివించి, ప్రామాణిక విచలనం గాఢతతో పాటు ఎలా పెరుగుతోందో చూస్తే తెలిసిపోతుంది. బ్లాంక్ దగ్గర ఎక్స్ సున్నా కాబట్టి 1/ఎక్స్ స్క్వేర్ అనంతమవుతుంది. అందుకని బ్లాంక్‌ను ముందే తీసేసి లెక్క నడపవచ్చు, లేదా ఒక్కో చుక్కకు కొలిచిన విచలనం వర్గానికి విలోమాన్నే వెయిటేజీగా వాడవచ్చు.

మన లెక్కనే మళ్లీ చేద్దాం. 200 బ్లాంక్ తీసేస్తే మిగిలేవి 1,000; 10,000; 1,00,000; 9,70,000. 1/ఎక్స్ స్క్వేర్ వెయిటేజీతో సున్నా గుండా గీత గీస్తే స్లోప్ 992.5. ఇప్పుడు 1 పీపీబీ నీళ్లు 1.01గా, 3.5 పీపీబీ నీళ్లు 3.53గా చదువుతాయి. వెయ్యి స్టాండర్డు 977 అని చూపిస్తుంది. అంటే తేడా ఎక్కడ పుట్టిందో అక్కడే బయటపడింది, కిందికి జారి దాక్కోలేదు. ఆర్ స్క్వేర్ మాత్రం మునుపటికంటే కొంచెం తగ్గవచ్చు. తగ్గనివ్వండి.

ఇంతకంటే తేలిక మార్గం ఇంకొకటుంది. 3 పీపీబీ దగ్గర తీర్పు చెప్పాల్సిన పనికి 1000 స్టాండర్డు అసలెందుకు? 0.5, 1, 2, 5, 10, 20 పెట్టుకుంటే సగం గొడవ పుట్టనే పుట్టదు. 20 దాటిన నమూనాను పలచన చేసి మళ్లీ చదివించాలి. ఐసీపీ-ఎంఎస్ ఎనిమిది తొమ్మిది దశల దాకా సరళంగా ఉంటుందని అమ్మేవాళ్లు చెబుతారు. ఉండొచ్చు, కానీ అంత దూరమూ ఒకే గీతను లాగాలన్న నియమం లేదు.

సున్నా గుండా గీత గీయడం తప్పా?

తప్పేం కాదు, హక్కు ఉంటే. బ్లాంక్‌ను నిజాయితీగా కొలిచి తీసేశాక, స్వేచ్ఛగా వదిలిన గీత ఇంటర్‌సెప్ట్ దాని అనిశ్చితి లోపలే సున్నాను తాకుతుంటే, సున్నాకు కట్టేయవచ్చు. ఒక తెలియని రాశి తగ్గుతుంది కాబట్టి అడుగున ఫలితం ఇంకా నిలకడగా వస్తుంది. ఇంటర్‌సెప్ట్ స్పష్టంగా సున్నాకు దూరంగా ఉంటే మాత్రం అది ఏదో చెబుతోందన్నమాట. స్టాండర్డుల్లో వాడిన నైట్రిక్ యాసిడ్‌లోనే మూలకం ఉండొచ్చు, ముందు నమూనా తాలూకు మరక గొట్టాల్లో మిగిలి ఉండొచ్చు, గీత నిజానికి వంగి ఉండొచ్చు. కారణం వెతక్కుండా సున్నాకు బలవంతంగా కట్టేస్తే ఆ తేడా మాయం కాదు, స్లోప్‌లోకి ఎక్కి ప్రతి నమూనాలోనూ తిరుగుతుంది.

గీత వంగితే?

ముందు ఎందుకు వంగిందో తెలియాలి. ఏఏఎస్‌లో వంపు దాదాపు తప్పనిసరి. ఆస్ట్రేలియాలోని సీఎస్ఐఆర్ఓలో పనిచేసిన అలన్ వాల్ష్ 1955లో ఈ పద్ధతిని ప్రతిపాదించినప్పుడు దాని కీలకం దీపంలోనే ఉంది. కొలవాల్సిన మూలకంతోనే చేసిన హాలో కాథోడ్ దీపం అతి సన్నని వెలుగు గీతను ఇస్తుంది. మంటలోని పరమాణువులు పీల్చే గీత దానికంటే కాస్త వెడల్పు. అందుకే బీర్ నియమం పనిచేసి, గాఢతతో పాటు అబ్సార్బెన్స్ నేరుగా పెరుగుతుంది.

కానీ ఆ వెలుగులో పరమాణువులు పీల్చలేని వెలుగు ఏ కాస్త కలిసినా నియమం సడలుతుంది. అలాంటి వెలుగు 1 శాతం ఉందనుకోండి. 0.1 ఉండాల్సిన అబ్సార్బెన్స్ 0.099 వస్తుంది, ఎవరికీ కనిపించదు. 1 ఉండాల్సింది 0.96 వస్తుంది. 2 ఉండాల్సింది 1.7 దగ్గరే ఆగిపోతుంది. ఆ తర్వాత గాఢత ఎంత పెంచినా రీడింగు 2ను దాటడమే గగనం. నికెల్‌ను 232.0 నానోమీటర్ల దగ్గర కొలిచేవాళ్లకు ఇది బాగా తెలుసు. ఆ గీతకు రెండు పక్కలా నికెల్ దీపమే వెదజల్లే, నికెల్ అంతగా పీల్చని గీతలు ఆనుకుని ఉంటాయి. స్లిట్ సన్నగా పెట్టినా గ్రాఫు వంగుతూనే ఉంటుంది.

ఇలా భౌతిక కారణం తెలిసిన వంపుకు క్వాడ్రాటిక్ మోడల్ వాడటంలో సిగ్గుపడాల్సింది లేదు. సరళరేఖే పవిత్రమన్నట్టు మాట్లాడేవాళ్లు వంగిన చుక్కల మీద కర్ర పెట్టి గీసినట్టు గీత గీసి, మధ్యలో ఎక్కువా చివర్ల తక్కువా చూపిస్తుంటారు. అయితే క్వాడ్రాటిక్‌కు స్టాండర్డులు ఎక్కువ కావాలి, కనీసం ఆరు ఉండటం మేలు. పై స్టాండర్డును దాటి ఒక్క అడుగు కూడా వేయకూడదు. పారాబోలా కాస్త దూరం పోయాక తలవంచి కిందికి దిగుతుంది. అక్కడ ఒకే సిగ్నల్‌కు రెండు గాఢతలు. క్యూబిక్‌కు పోవాలనిపిస్తే మాత్రం ఆగండి. ఆరు చుక్కల గుండా నాలుగు రాశుల గీత పోతే అది మెషిన్ స్వభావాన్ని కాదు, ఆ రోజు పిపెట్టు పట్టిన చేతి వణుకును నేర్చుకుంటుంది.

కారణం తెలియని వంపయితే? సగానికి పలచన చేసి చదివించండి. పై స్టాండర్డు తప్పుగా కలిపిందా, డిటెక్టరు అలసిందా, నిజంగా వంపేనా అన్నది తేలాక మోడల్ సంగతి చూడొచ్చు.

స్టాండర్డులు నీళ్లలో చేశాం, నమూనా సముద్రపు నీరు. అదే గీత పనికొస్తుందా?

ఎంత జాగ్రత్తగా గీసినా పనికి రాకపోవచ్చు. ఇప్పటిదాకా చెప్పిందంతా గీత ఆకారం గురించి. ఇది గీత ఎవరిదన్న ప్రశ్న. విశాఖ తీరంలో ముంచుకొచ్చిన నీటిలో లీటరుకు ముప్పై గ్రాములకు పైగా ఉప్పు ఉంటుంది. ఐసీపీ-ఎంఎస్‌లోకి మామూలుగా పంపేది 2 గ్రాములకు లోపే. అంత ఉప్పు ప్లాస్మాలోకి వెళ్తే కాడ్మియం అయాన్లు తగ్గిపోతాయి. 1 పీపీబీకి 1,000 కౌంట్లు రావాల్సింది 400 రావచ్చు.

దీనికి మూడు దారులున్నాయి. స్టాండర్డులను కూడా అదే రకం మాతృకలో, అంటే అంతే ఉప్పుతో, తయారుచేయడం ఒకటి. రెండోది ఇంటర్నల్ స్టాండర్డ్: బ్లాంక్, స్టాండర్డు, నమూనా అన్నిటిలోనూ సమానంగా ఇండియమో రోడియమో కలిపి, దాని సిగ్నల్ ఎంత తగ్గితే కాడ్మియంనూ అదే నిష్పత్తిలో సరిచేస్తారు. నీటికి ఇది చక్కగా పనిచేస్తుంది. రాళ్లు కరిగించి కొలిచేటప్పుడు మాత్రం, కలిపిన మూలకం రాయిలోనే ఉండకుండా చూసుకోవాలి. ఇట్రియం అలాంటి చోట్ల మోసం చేస్తుంది.

మూడోది స్టాండర్డ్ అడిషన్. నమూనాలోనే తెలిసినంత కాడ్మియం కలుపుతూ పోవడం. బ్లాంక్ తీసేశాక సముద్రపు నీరు 600 కౌంట్లు ఇచ్చింది. 2 పీపీబీ కలిపితే 1,400, 4 కలిపితే 2,200. అంటే ఈ నీటిలో ఒక పీపీబీ విలువ 400 కౌంట్లే, అసలు నమూనాలో ఉన్నది 1.5 పీపీబీ. మంచినీటి గీతతో చూసి ఉంటే 0.6 అనేవాళ్లం. దీనికి నమూనాకో గీత కావాలి కాబట్టి రోజుకు వందల సీసాలు చూసే చోట గిట్టదు. గీతను వెనక్కి పొడిగిస్తాం కనుక ఇక్కడ సరళరేఖ తప్ప మరేదీ ఒప్పుకోకూడదు.

స్టాండర్డ్ అడిషన్ స్లోప్‌ను మాత్రమే బాగుచేస్తుంది. నమూనాలో మరేదో కాడ్మియం వేషం వేసుకుని వస్తే దాన్ని పట్టుకోలేదు. మాలిబ్డినం 95 ఆక్సిజన్‌తో జతకడితే ద్రవ్యరాశి 111 అవుతుంది, కాడ్మియం 111తో సమానం. ఆర్గాన్ 40, క్లోరిన్ 35 కలిస్తే 75, అచ్చం ఆర్సెనిక్. సముద్రపు నీటిలో క్లోరిన్‌కు కొదవేముంది? మోడల్ ఎంత మార్చినా ఇది పోదు. హీలియం నింపిన కొలిజన్ సెల్ వాడాలి, లేదా కుదిరినచోట వేరే ఐసోటోపు చూడాలి.

రక్తం ఇంకా మొండి మాతృక. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛలతో ఆసుపత్రుల పాలైనప్పుడు, రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయని ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షలు చెప్పడం పత్రికల్లో చదివే ఉంటారు. రక్తంలో ప్రోటీన్లు, ఇనుము, ఉప్పు, జిగట అన్నీ ఉంటాయి. అందుకే రక్తానికి రక్తంలోనే చేసిన స్టాండర్డులు వాడటం ఆనవాయితీ. సరిచూసుకోవడానికి అమెరికాలోని ఎన్ఐఎస్‌టీ అమ్మిన 955సీ అనే ప్రామాణిక పదార్థం మేక రక్తంతో తయారైంది.

ఘన పదార్థాల సంగతి?

సిమెంటు కర్మాగారాల్లో సున్నపురాయినీ క్లింకర్‌నూ ఎక్స్‌ఆర్‌ఎఫ్‌తో చూస్తారు. ఇక్కడ ఒక మూలకం సిగ్నల్ పక్క మూలకం మీద ఆధారపడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలులో నికెల్ వెలువరించే ఎక్స్-కిరణాలు ఇనుమును రేపుతాయి, ఇనుము కిరణాలు క్రోమియంను రేపుతాయి. దాంతో క్రోమియం ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. ఒకే మూలకానికి ఒకే గీత అన్న ఆలోచనే ఇక్కడ చెల్లదు. భౌతిక సూత్రాల నుంచి లెక్కగట్టే దారిని 1955లో షెర్మన్ చూపించాడు, పక్క మూలకాలకు ఆల్ఫా గుణకాలు వేసే లచాన్స్-ట్రెయిల్ సమీకరణం 1966లో వచ్చింది. ఎనిమిది స్టాండర్డులు పెట్టుకుని ఆరు గుణకాలను వాటినుంచే రాబట్టాలనుకుంటే క్యూబిక్ జబ్బే మళ్లీ వస్తుంది. గుణకాలను సిద్ధాంతం నుంచి తీసుకుని, స్టాండర్డులను సరిచూడటానికి వాడటం మేలు. ఆ సరిచూపుకు ధ్రువీకరించిన పదార్థాలు కావాలి. బార్క్‌కు చెందిన హైదరాబాద్ ఎన్‌సీసీసీఎం బాక్సైట్‌కు అలాంటిదాన్ని తయారుచేసింది.

ఎంచుకున్న మోడల్ సరైందో కాదో ఎలా తెలుస్తుంది?

ప్రతి స్టాండర్డునూ తెలియని నమూనాలా గీత మీద పెట్టి చదవండి. 1 అన్నది 1కి ఎంత దగ్గర వచ్చింది, 10 ఎంత వచ్చింది, తేడా శాతంలో రాయండి. మన మొదటి గీతకు ఇలా చేసి ఉంటే 1000 స్టాండర్డు 999.8, 100 స్టాండర్డు 102.3, 10 స్టాండర్డు 9.5, 1 స్టాండర్డు 0.21 అని వరసగా వచ్చేవి. ఆ చివరి అంకె చూశాక ఎవరూ ఆ గీతతో రిపోర్టు ఇవ్వరు. చాలా సాఫ్ట్‌వేర్లలో ఈ కాలమ్ ఉంటుంది, కాకపోతే ఒక ట్యాబు లోపల దాగి ఉంటుంది. తేడాల గుర్తులను కూడా చూడండి. మైనస్, ప్లస్, ప్లస్, మైనస్ అని వరసగా ఒక ఆకారంలో వస్తే వంపును సరళరేఖతో కప్పామన్నమాట. ఒక క్రమం లేకుండా కలగలిసి వస్తే మోడల్ ఫరవాలేదు.

ఆ తర్వాత వేరే కంపెనీ, కనీసం వేరే బ్యాచ్ సీసా నుంచి చేసిన స్టాండర్డును చదివించాలి. మనం కలిపిన స్టాండర్డులన్నీ ఒకే తల్లి ద్రావణం నుంచి వస్తే దాని తప్పు గీతలో ఎప్పటికీ కనిపించదు. రోజు గడిచేకొద్దీ గీత జారిపోతోందా అన్నదానికి అమెరికా ఈపీఏ 6020 పద్ధతి పది నమూనాలకోసారి ఒక స్టాండర్డును మళ్లీ చదివించి, తేడా 10 శాతం లోపు ఉండాలంటుంది. ఆ తనిఖీని మధ్యస్థాయి స్టాండర్డుతో సరిపెట్టి ఊరుకోకండి. తీర్పు 3 పీపీబీ దగ్గర చెప్పాల్సినప్పుడు 3 పీపీబీ స్టాండర్డునే మధ్యమధ్యలో పెట్టండి. బ్లాంక్‌ను పదిసార్లు చదివించి దాని విచలనానికి పది రెట్లు ఎంతో చూడండి. అది 3 పీపీబీకి బాగా కింద లేకపోతే ఆ నీటి గురించి పాసనో ఫెయిలనో చెప్పే స్థితిలో ఆ మెషిన్ ఆ రోజు లేదు.